కల్పిత మఠానికి మా కొండల చిరునామా దేనికి?

సంపాదకులు గారికి,

అయ్యా,

మీ ఆదివారం అనుబంధంలో వస్తున్న ధారావాహికలో నల్లదుస్తుల సన్యాసులు ఉన్నందుకో, నేలమాళిగలో బలులు జరుగుతున్నందుకో నేను ఈ ఉత్తరం రాయడం లేదు. కథలో ఏమైనా జరగవచ్చు. అడవి నడుమ ఎవరికీ కనబడని మఠం, పగలంతా జపం, అమావాస్య రాత్రి క్షుద్రపూజ, లోపల అడుగుపెట్టిన పురావస్తు శాఖ ఉద్యోగి ఆచూకీ లేకపోవడం... ఇవన్నీ చదివి దీపం ఆర్పడానికి జంకే వయసు నాకు ఎప్పుడో దాటిపోయింది. నా అభ్యంతరమల్లా కిందటి నెల పాఠకుల ప్రశ్నలకు మీరు ఇచ్చిన జవాబు మీద. ఆ మఠానికి ‘ఒడిశా సరిహద్దు కొండల్లో ఉన్న ఒక బౌద్ధ విహారం’ ప్రేరణ అని సంబరంగా అచ్చు వేశారు. అక్కడితో ఆగకుండా తర్వాతి వారం కథకు వేయించిన బొమ్మ చూస్తే గజపతి జిల్లాలో బడికి వెళ్లే పిల్లవాడు కూడా అది జిరంగ్ విహారమని చెప్పేస్తాడు. పేరు రాయలేదు కాబట్టి తమకేమీ బాధ్యత లేదనుకున్నారు కాబోలు.

పర్లాకిమిడిలో నాకు బట్టల దుకాణం ఉంది. మీ జవాబు వచ్చినప్పటి నుంచి శ్రీకాకుళం వైపు నుంచి మోటారు సైకిళ్ల మీద వచ్చే కుర్రాళ్లు దుకాణం ముందు ఆగి ‘ఆ బలుల మఠానికి దారి ఎటండీ’ అని అడుగుతున్నారు. విహారం లోపల తాళం వేసిన గది ఏది కనిపించినా వీడియో తీసి పంపుతారట. ఆ గదిలో బియ్యం బస్తాలు ఉండవచ్చునని వాళ్లకు తోచదు. మీకూ తోచినట్లు లేదు.

అక్కడ నిజంగా ఏముందో మీ విలేకరి ఒక్కడైనా వెళ్లి చూశాడా? టిబెట్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవారికి 1963లో జిరంగ్ ఉన్న చంద్రగిరి ప్రాంతంలో భూమి ఇచ్చి స్థిరపరిచారు. వాళ్లు ఆ కొండనేలలో మొక్కజొన్న పండించారు, పిల్లలను చదివించుకున్నారు, చలికాలం వస్తే ఊళ్లు తిరిగి స్వెట్టర్లు అమ్ముకున్నారు. ఆ నెలల్లో నా దుకాణంలో ఉన్ని బట్టలు అంతగా కదలవు కాబట్టి వాళ్లను వెనకేసుకు రావడం వల్ల నాకు కలిగే లాభమేమీ లేదని గమనించగలరు. విహారాన్ని 2010 జనవరిలో దలైలామా స్వయంగా వచ్చి ప్రారంభించారు. దాన్ని చూడటానికి జనం బస్సుల్లో వస్తారు, లోపలికి వెళ్తారు, ఫొటోలు దిగుతారు, బయట మోమోలు తిని వెళ్తారు. రహస్య మఠమంటే ఇలాగే ఉంటుందా?

మీ బొమ్మలో ఇంకో ఘనకార్యం ఉంది. కపాలమాల వేసుకుని కోరలు బయటపెట్టిన ఒక ఉగ్రరూపాన్ని గీసి, కింద ‘వారు కొలిచే చీకటి దేవుడు’ అని రాశారు. టిబెట్ బౌద్ధంలో అటువంటి రూపాలు ధర్మపాలకులవి. ధర్మానికి కాపలా కాసేవాళ్లు చిరునవ్వులు చిందిస్తూ కూర్చోరు. కాళికాదేవి మెడలో ఉన్నవి మల్లెపూలా? ఉగ్రనరసింహుడి ఒడిలో ఉన్నదెవరు? మన గుడిలో ఉంటే భక్తి, పక్కవాడి గుడిలో ఉంటే క్షుద్రం! ఆ సంప్రదాయంలో దీక్షలు గోప్యంగా ఇస్తారన్నది నిజమే. మనవాళ్లు మంత్రోపదేశం చేసేటప్పుడు మైకు పెడుతున్నారా, చెవిలో చెబుతున్నారా? 2006లో అమరావతిలో టిబెట్ బౌద్ధుల దీక్షా వేడుక అయిన కాలచక్ర ఉత్సవం జరిగినప్పుడు మనది బౌద్ధుల గడ్డ అని అందరూ ఛాతీ విరుచుకున్నారు. శ్రీకాకుళం జిల్లా శాలిహుండంలో తవ్వితే వజ్రయానం, అంటే తాంత్రిక బౌద్ధం, కొలిచే తార, మారీచి దేవతల విగ్రహాలు బయటపడ్డాయి. అంటే ఏ వజ్రయానాన్ని మీ రచయిత చీకటి మతమంటున్నారో దాన్ని వంశధార ఒడ్డున మన పూర్వులే కొలిచారు. ఆ సంగతి సాహిత్యం పేజీలో ఒక మూల వేసినా సంతోషించేవాణ్ణి.

అనకాపల్లి దగ్గర శంకరంలో బొజ్జన్నకొండ ఉంది. అక్కడి బౌద్ధ కట్టడాన్ని రాక్షసుడిగా భావించి కనుమ నాడు జనం రాళ్లు రువ్వేవారు. ఏడాదికోసారి, పండగ పూట, పిల్లాపాపలతో వెళ్లి మరీ! వారసత్వ పరిరక్షణ కోరేవాళ్లు మొత్తుకుంటే గానీ ఆ తంతుకు అడ్డుకట్ట పడలేదు. అక్కడ రాళ్లు తిన్నవి ఇటుకలు. జిరంగ్‌లో మనుషులున్నారు, చదువుకునే చిన్న భిక్షువులున్నారు.

మాది చిల్లంగి, అంటే చేతబడి, పేరు చెప్పి మనుషులను చంపిన సంఘటనలు తెలిసిన ప్రాంతం. మంత్రగత్తె అనే ముద్ర వేసి హింసించడాన్ని ఆపడానికి ఒడిశా 2013లో ప్రత్యేక చట్టమే చేసుకుంది. కొండల్లో ఎవరో రాత్రిపూట బలులు ఇస్తున్నారన్న మాట హైదరాబాదులో చదివితే కాలక్షేపం. ఇక్కడ అదే మాట సంతలో రెండు చేతులు మారేసరికి మనిషి పేరు, ఇంటి గుర్తు కూడా తోడవుతాయి. 2020 ఏప్రిల్‌లో మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు నమ్మిన గుంపు ఇద్దరు సాధువులను, వాళ్ల కారు డ్రైవరును పోలీసులు చూస్తుండగానే కొట్టి చంపింది. కాషాయం కట్టుకున్నవాళ్లకే ఆ గతి పడితే, మన భాష రాని, మన ముఖాలకు భిన్నమైన ముఖాలున్న భిక్షువుల సంగతేమిటి?

సరే, కథగానైనా చూద్దామంటే అది కూడా ఇక్కడిది కాదు. గంటల గోపురం, కొవ్వొత్తులు, సొరంగాలు, గోడల్లో దాచిన అస్థిపంజరాలు, పాపిష్టి మఠాధిపతి. ఐరోపాలో రెండు వందల ఏళ్ల కిందటే అరిగిపోయిన ఈ సరంజామా మొత్తాన్ని రచయిత దించి మా కొండ మీద పెట్టారు. దానికి తోడు ఒక భాగంలో మహేంద్రగిరి మీద హిమపాతం! ఆ శిఖరం ఎత్తు 1,501 మీటర్లు. పొద్దున్నే పొగమంచు పడుతుంది, వానాకాలం మబ్బులు కాళ్ల కిందకు వస్తాయి, పైన భీముడి గుడి, కుంతి గుడి ఉన్నాయి. మంచు మాత్రం రచయిత గారి బల్ల మీదే కురిసి ఉంటుంది. క్షుద్రం కావాలనుకుంటే మన పాత కథల్లో కాపాలికులకు కొదవా? వాళ్లను వాడుకుంటే ఎవరి ఇంటి మీదా రాయి పడేది కాదు.

మా పర్లాకిమిడిలోనే 1880లో బడిపంతులుగా చేరిన గిడుగు రామమూర్తి గారు కొండల్లోని సవరల గురించి తెలుసుకోవాలనుకున్నప్పుడు ఊహించి రాయలేదు. తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు, వాళ్లకు బడులు పెట్టించారు, 1931లో సవర భాషకు వ్యాకరణం తెచ్చారు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటో మొదటి పేజీలో వేస్తారు మీరు. పూలదండ ఖరీదులో కొంత ఒక విలేకరి బస్సు చార్జీకి మిగిల్చి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు.

అసలు మా ప్రాంతం మీకు గుర్తొచ్చేది దయ్యాలకూ, ఎన్నికలకూ మాత్రమే. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు సరిహద్దు గీత మా జమీందారీ మధ్యలోంచి పోయింది. మహేంద్రతనయ నదికి అవతల పాతపట్నం ఆంధ్ర, ఇవతల మేము ఒడిశా. ఇక్కడి తెలుగు బడుల్లో పంతుళ్లు రిటైరైతే కొత్తవాళ్లు రారు, పుస్తకాలు సగం ఏడాది గడిచాక వస్తాయి. అడిగితే ఈ రాష్ట్రం అధికారులు ఆ రాష్ట్రం వైపు, ఆ రాష్ట్రం వాళ్లు ఈ రాష్ట్రం వైపు చూపిస్తారు. రెండు రాష్ట్రాలూ మావంటే మావనే కోటియా గ్రామాల తగాదా 1968లో సుప్రీంకోర్టుకు చేరింది, ఇంకా తేలలేదు. అక్కడివాళ్లకు రెండు రాష్ట్రాల నాయకులూ కావలసినప్పుడు చుట్టాలే. ఇవేవీ మీకు వార్తలు కావు. సరిహద్దు వార్తలకని ఒకప్పుడు అర పేజీ ఇచ్చేవారు, దాన్ని కుదించి కుదించి శ్రీకాకుళం పేజీలో అడుగున సంతాప ప్రకటనల పక్కకు చేర్చారు. మీ పత్రిక కూడా మాకు అందేసరికి పొద్దెక్కుతోంది. చందా మాత్రం ముందే కట్టాలి.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ధారావాహిక ఆపమనడం లేదు, రచయితను క్షమాపణ చెప్పమనడం లేదు. వచ్చే ఆదివారం భాగం పైన, చదవడానికి వీలైన అక్షరాల్లో, ఈ మఠం పూర్తిగా కల్పితమని, ఒడిశాలోని ఏ విహారంతోనూ సంబంధం లేదని వేయండి. ఆ బొమ్మ మళ్లీ వాడకండి. మీ వెబ్‌సైటులో ఉన్నదాన్ని కూడా తీసేయించండి, ఫోన్లలో తిరుగుతున్నది అదే. మహేంద్రగిరి పేరు బదులు లోకంలో లేని కొండ పేరొకటి పెట్టుకుంటే, దాని మీద రచయిత గారు ఎంత మంచైనా కురిపించుకోవచ్చు. వీలైతే ఒక విలేకరిని ఆర్. ఉదయగిరి మీదుగా జిరంగ్ పంపించి, చూసింది చూసినట్లు రాయించండి. ఒక రోజు పని.

పాఠకుల ఉత్తరాలను మీరు ఎలా కత్తిరిస్తారో తెలుసు కాబట్టి ముందే చెబుతున్నాను. చోటు చాలకపోతే బడుల గురించి, కోటియా గురించి రాసింది తీసేయండి, మాకు అలవాటే. బొమ్మ గురించి రాసిన వాక్యాలు మాత్రం ఒక్కటి కూడా తీయవద్దు.

ఇట్లు,
ఒక చందాదారు, బట్టల వ్యాపారి
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా