చిన్నీకి, నా జబ్బు సంగతి మొత్తం

చిన్నీ,

ఫోన్‌లో ఈ సంగతులన్నీ చెప్పుకోవడం కుదరట్లేదు. నేను మొదలుపెట్టగానే నీ గొంతు పూడుకుపోతుంది, అది విని నేను వంటల సంగతిలోకి వెళ్లిపోతాను. నువ్వేమో రాత్రంతా సెల్‌లో వెతుక్కుని, పొద్దున్నే ఇంకో కొత్త భయంతో ఫోన్ చేస్తావు. ఇరవై మూడేళ్లదానివి. నాకేం వచ్చిందో, అది ఎంతవరకు వెళ్లిందో, నీకు దాంతో ఏం సంబంధమో నా దగ్గరే తెలుసుకోవాలి.

చుట్టాలంతా నాకు గర్భసంచి క్యాన్సర్ అనుకుంటున్నారు. పెద్దమ్మ కూడా అడిగినవాళ్లకు అదే చెప్తోంది. కాదమ్మా. నాది పెద్దపేగు క్యాన్సర్. ఎడమవైపు కింద, సిగ్మాయిడ్ అనే మలుపులో పుట్టి, అక్కడి నుంచి రెండు అండాశయాలకూ పాకింది. అండాశయాల్లో దొరికినా అది పేగు క్యాన్సరే. రెండు జబ్బులు కావు, ఒకటే.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మందులు దీన్ని బట్టే మారిపోతాయి. అండాశయంలోనే పుట్టిన క్యాన్సర్‌కు మామూలుగా కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ ఇస్తారు. పేగులో పుట్టినదానికి 5-ఎఫ్‌యూ, ఆక్సాలిప్లాటిన్ లాంటివి. పుట్టిన చోటు తప్పుగా అనుకుంటే వైద్యమే దారి తప్పుతుంది.

నా విషయంలో అలా జరగకపోవడానికి కారణం మా గైనకాలజిస్ట్ మేడమ్. పొట్ట ఉబ్బిందని వెళ్తే స్కాన్‌లో రెండు పక్కలా గడ్డలు కనిపించాయి. అండాశయ క్యాన్సర్‌లో తరచుగా పెరిగే సీఏ-125 అనే రక్తపరీక్ష చేయిస్తే ఎక్కువగానే వచ్చింది. అది చూడగానే ఎవరైనా అండాశయ క్యాన్సర్ అనే అనుకుంటారు. కానీ పేగు నుంచి పాకినప్పుడు కూడా సీఏ-125 పెరగొచ్చు. ఆవిడ దాంతోపాటు పేగు క్యాన్సర్‌లో తరచుగా పెరిగే సీఈఏ అనే రక్తపరీక్ష కూడా రాశారు. అది బాగా ఎక్కువగా ఉంది. గడ్డలు రెండు పక్కలా ఉండటం, సీఈఏ పెరగడం, రక్తంలో ఐరన్ తగ్గిపోయి ఉండటం, మూడూ కలిపి చూసి, ఆపరేషన్ మాట ఎత్తకుండా ముందు కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేయించమన్నారు. ఆ మేడమ్‌ను నేను రోజూ తలుచుకుంటాను.

తర్వాత ఆపరేషన్‌లో తీసిన ముక్కల మీద పరీక్షలు చేస్తే అండాశయాల్లో ఉన్న కణాలకు కూడా పేగు గుర్తులే కనిపించాయి. పేగు కణాల్లో మామూలుగా ఉండే సీకే-20, సీడీఎక్స్-2 అనే ప్రొటీన్లు ఉన్నాయి, అండాశయ క్యాన్సర్‌లో మామూలుగా ఉండే సీకే-7 లేదు. ఊరు మారినా యాస మారనట్టు, ఆ కణాలు ఎక్కడికి వెళ్లినా ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పేస్తాయి. ఇన్నేళ్లు పిల్లలకు కణం గురించి పాఠం చెప్పాను కదా, ఆ రిపోర్టు మాత్రం నాకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది.

నువ్వు సెల్‌లో చూసి భయపడిన క్రూకెన్‌బర్గ్ ట్యూమర్ గురించి కూడా చెప్తాను. ఫ్రీడ్రిష్ క్రూకెన్‌బర్గ్ అనే జర్మన్ డాక్టరు 1896లో దాని గురించి రాశాడు. అది అండాశయంలోనే పుట్టే కొత్త జబ్బు అనుకున్నాడు. వేరే చోట నుంచి, ముఖ్యంగా జీర్ణాశయం నుంచి వచ్చి చేరుతుందని 1902లో ష్లాగెన్‌హాఫర్ అనే ఇంకో ఆయన తేల్చాడు. అంత చదువుకున్నవాళ్లే పొరబడ్డ చోట మన చుట్టాలను ఏమనగలం? ఆ పేరుతో వెతికితే నీకు కనిపించేవి ఎక్కువగా జీర్ణాశయం నుంచి పాకిన కేసులు. వాటి ఫలితాలు పేగు నుంచి పాకినవాటికన్నా బాగా తక్కువగా ఉంటాయి. ఆ లెక్కలు చదివి మీ అమ్మకు వర్తింపజేసుకోకు.

అండాశయాలకే ఎందుకు వెళ్లిందని అడిగావు. రక్తం ద్వారా వెళ్లొచ్చు, లింఫ్ నాళాల ద్వారా వెళ్లొచ్చు, పేగు గోడ దాటిన కణాలు పొట్టలోని ద్రవంలో పడి అండాశయాల మీద వాలొచ్చు. నెలసరి ఆగని ఆడవాళ్లలో ఇది ఎక్కువ. ఆ వయసులో అండాశయాలకు రక్తం బాగా అందుతుంది, అది ఒక కారణం అంటారు. ఇంకో ఇబ్బంది ఏంటంటే, కీమోతో మిగతా చోట్ల గడ్డలు తగ్గుతున్నా అండాశయాల్లో ఉన్నవి చాలాసార్లు తగ్గవు, పెరుగుతూనే ఉంటాయి. అందుకే పేగు ముక్కతో పాటు రెండు అండాశయాలూ, గర్భసంచీ తీసేశారు. మలం కోసం పొట్ట మీద సంచి పెట్టాల్సిన అవసరం రాలేదు, పేగును పేగుకే కలిపారు. పొట్ట లోపలి పొర మీద కొన్ని చుక్కలుంటే అవీ తీశారు.

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన మాట. ఇది నాలుగో స్టేజ్. వేరే అవయవానికి పాకింది కాబట్టి అలాగే లెక్క. కంటికి కనిపించిందంతా తీశామన్నారు, ఇక రాదని మాత్రం ఎవరూ మాట ఇవ్వలేదు. వైద్యం వల్ల మంచి కాలం దొరుకుతుంది. ఎంతకాలమో నేను అడగలేదు, నాకు వద్దనిపించింది. నువ్వు అడగాలనుకుంటే ఈసారి నాతో రా, నేను బయట కూర్చుంటాను. భయం లేదని రాయను. పడుకోబోయే ముందు ఒక గంట చాలా కష్టంగా ఉంటుంది. మీ నాన్న అప్పుడు నా పక్కనే కూర్చుంటారు.

కీమో రెండు వారాలకోసారి. కాలర్ బోన్ కింద చర్మంలో, మందు ఎక్కించడానికి పోర్ట్ అనే చిన్న పరికరం పెట్టారు. ఆసుపత్రిలో కొన్ని గంటలు ఎక్కించాక, మిగతా మందును చిన్న పంపులో పెట్టి నడుముకు కట్టి ఇంటికి పంపిస్తారు. 46 గంటలు అది నాతోనే. ఆక్సాలిప్లాటిన్ వల్ల చల్లనిది తాకితే వేళ్లలో కరెంటు కొట్టినట్టుంటుంది, అందుకే ఫ్రిజ్ తలుపు తీసేది తమ్ముడే. పెరుగు కూడా బయట పెట్టి చల్లదనం పోయాకే తింటున్నాను. అండాశయాలు తీసేయడం వల్ల నెలసరి ఒక్కసారిగా ఆగి, ఒళ్లంతా ఆవిర్లు వస్తున్నాయి. ఇది పెద్దగా ఎవరూ అడగరు, నాకైతే కీమో కన్నా ఇదే ఎక్కువ విసుగు. నానమ్మ ఎవరో చెప్పారని ఆకుల కషాయం తెప్పించింది. డాక్టరును అడగకుండా తాగనని చెప్పాను, ఆవిడ చిన్నబుచ్చుకుంది. నువ్వు ఫోన్ చేసినప్పుడు కాస్త బుజ్జగించు.

ఇక నీ సంగతి. బయాప్సీలో నాలుగు ప్రొటీన్లు, ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 ఉన్నాయో లేవో చూశారు. ఏదైనా లేకపోతే లించ్ సిండ్రోమ్ అని, వంశంలో వచ్చే రకమేమోనని వెతకాలి. అది ఉన్నవాళ్లు ఇరవైల్లోనో ముప్పైల్లోనో కొలనోస్కోపీలు మొదలుపెట్టాలి. నాకు నాలుగూ ఉన్నాయి. ఆ మాట విన్న రోజు గుడికి వెళ్లొచ్చాను.

కానీ అమ్మకు వచ్చింది కాబట్టి నీకు మిగతావాళ్లకన్నా కొంచెం ఎక్కువ అవకాశం ఉన్నట్టే. నలభై ఏళ్లకు గానీ, నాకు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు గానీ, ఏది ముందొస్తే అప్పుడు మొదటి కొలనోస్కోపీ చేయించుకోవాలి. నాకు నలభై ఆరులో తెలిసింది. అంటే నీకు ముప్పై ఆరు. ఎక్కడైనా రాసి పెట్టుకో. పేగు క్యాన్సర్ చాలావరకు పాలిప్ అనే చిన్న బుడిపెగా మొదలై ఏళ్ల తరబడి పెరుగుతుంది. పరీక్షలో బుడిపె కనిపిస్తే అప్పుడే తీసేస్తారు, అది క్యాన్సర్‌గా మారే పనే ఉండదు. ముందు రోజు మందు కలిపిన నీళ్లు తాగి పేగు ఖాళీ చేసుకోవడం ఒక్కటే కాస్త కష్టం. పరీక్షప్పుడు మత్తిస్తారు.

ముప్పై ఆరు దాకా ఆగమని మాత్రం కాదు. మలంలో రక్తం పడితే మొలలని నీకు నువ్వే తేల్చుకోకు. మలవిసర్జన అలవాటు మారి వారాలపాటు అలాగే ఉన్నా, కారణం తెలియకుండా హిమోగ్లోబిన్ తగ్గినా, పొట్ట ఉబ్బరం తగ్గకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లు. వెళ్లగానే మొదట చెప్పాల్సింది మా అమ్మకు పేగు క్యాన్సర్ అని. గర్భసంచి అని చెప్పావంటే వాళ్లు వేరే వైపు వెతుకుతారు.

తమ్ముడికీ ఇదే లెక్క. అండాశయాల పేరు వింటున్నాడు కాబట్టి ఇదంతా ఆడవాళ్ల గొడవ అనుకుంటున్నాడు. పేగు వాడికీ ఉంది. నేను చెప్పాను, నువ్వూ చెప్పు. నీ మాటే ఎక్కువ వింటాడు.

రిపోర్టులన్నీ ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపమని మీ నాన్నకు చెప్పాను. ఉద్యోగం మానేసి వస్తానన్నావు, వద్దు. వచ్చే నెల స్కాన్ ఉంది, దానికి నాలుగు రోజులు సెలవు పెట్టుకుని రా. అంతకన్నా ఎక్కువ రోజులు నువ్వు నాకు కావాల్సి వస్తే మొహమాటపడను, రమ్మని నేనే అడుగుతాను.

ప్రేమతో,
అమ్మ