శిక్షణాధికారి గారికి మిర్యాలగూడ నుంచి ఒక బహిరంగ లేఖ

అయ్యా,

ఇథనాల్, అంటే పెట్రోల్‌లో కలిపే ఆల్కహాల్, తయారుచేసే పని నేర్పే కోర్సు పెట్టమని ఇచ్చిన మూడు అర్జీలకు జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

మా దగ్గర రైస్ మిల్లులకు కొదవ లేదు. నూకలతో ఇథనాల్ చేయవచ్చని 2018 జాతీయ జీవ ఇంధన విధానమే చెప్పింది. నూకల్లోని పిండిపదార్థాన్ని ఎంజైములతో చక్కెరగా మార్చాలి, ఈస్ట్‌తో పులియబెట్టాలి, డిస్టిల్ చేయాలి (మరిగించి, ఆవిరిని చల్లార్చి ఆల్కహాల్‌ను వేరుచేయాలి), మిగిలిన నీటినీ తీసేయాలి. పులిసే ట్యాంకులో వేడి హద్దు దాటితే ఈస్ట్ చచ్చిపోతుంది. ఇది పుస్తకం చదివితే వచ్చే పని కాదు.

మా అబ్బాయి ఐటీఐ ఫిట్టర్. పాసై రెండేళ్లయినా మిల్లులో బస్తాలు మోస్తున్నాడు. ఎక్కడికెళ్లినా ‘అనుభవం ఉందా?’ అంటారు. నేర్పకుండా అది ఎక్కడి నుంచి వస్తుందో!

వచ్చే అడ్మిషన్లలోనే డిస్టిలేషన్, ల్యాబ్ పరీక్షలు, అగ్నిప్రమాదాల నివారణ నేర్పే కోర్సు పెట్టండి. ప్లాంటులో అప్రెంటిస్‌షిప్ తప్పనిసరిగా ఉండాలి. ఎప్పుడు పెడతారో తేదీ వేసి రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
ఒక తండ్రి