మత్తు డాక్టరు లేని ఆపరేషన్ గది ఎవరి కోసం?

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య ఏ మండలానికి వెళ్లినా సామాజిక ఆరోగ్య కేంద్రానికి కొత్త భవనం కావాలన్న మాటే వినిపిస్తోంది. నా విన్నపం భవనం గురించి కాదు.

కిందటి వానాకాలంలో మా మేనకోడలికి అర్ధరాత్రి నొప్పులు మొదలైతే దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాము. బిడ్డ అడ్డం తిరిగిందన్నారు. ఆపరేషన్ గది ఉంది, బల్ల ఉంది, పైన పెద్ద దీపాలున్నాయి. ఇంటి దగ్గర నుంచి కాన్పుల డాక్టరమ్మ కూడా పరుగున వచ్చారు. మత్తు ఇచ్చే డాక్టరు మాత్రం లేరు. ఆ పోస్టు ఎన్నాళ్లుగానో ఖాళీ అట. చీటీ రాసిచ్చి 108 ఎక్కించారు. ఆ డాక్టరమ్మను నేను ఒక్క మాట కూడా అనను. చినుకుల్లో బండి దాకా వచ్చి, దారిలో ఎక్కడా ఆపవద్దని డ్రైవరుకు రెండుసార్లు చెప్పి లోపలికి వెళ్లారు. తెల్లవారుజామున బత్తలపల్లిలో, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ) అనే స్వచ్ఛంద సంస్థ నడిపే ఆసుపత్రిలో ఆపరేషన్ జరిగింది. తల్లీ బిడ్డా క్షేమం.

ఆ వరండాలో కూర్చున్నప్పటి నుంచి ఒకటే ఆలోచన. ఆ చిన్న ఊళ్లో అర్ధరాత్రి దొరికిన వైద్యం ప్రభుత్వం కట్టిన ఆసుపత్రిలో ఎందుకు దొరకలేదు? విదేశీ డబ్బు అని చాలామంది ఒక్క మాటతో తేల్చేస్తారు. స్పెయిన్ దాతల సాయం పెద్దదే, కాదనను. కానీ ఆ ఆసుపత్రి పుట్టిన తీరు చూస్తే డబ్బు ఒక్కటే కారణం కాదని తెలుస్తుంది.

మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతుల కోసం పనిచేసి, 1968లో దేశం విడిచి వెళ్లవలసి వచ్చిన స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ మరుసటి ఏడాది తిరిగి వచ్చి అనంతపురంలో అడుగుపెట్టి ఈ ట్రస్టును స్థాపించారు. ఆయన డాక్టరు కాదు. కరవు నేల మీద నీళ్లు, తిండి, పని ముందు చూశారు. బత్తలపల్లిలో పెద్ద ఆసుపత్రి తెరిచింది 2000లో. అంటే వచ్చిన 31 ఏళ్లకు! ఈ అంకె దగ్గర మన అధికారులు ఒక్క క్షణం ఆగాలని నా కోరిక. ఆ మధ్యకాలమంతా ఊళ్లలోనే గడిచింది. ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి ఆరోగ్య కార్యకర్తలను చేశారు. గర్భిణి ఎన్ని కిలోలు పెరిగింది, పసివాడు ఎందుకు చిక్కిపోతున్నాడు, ఏ లక్షణం కనిపిస్తే ఇక ఇంట్లో ఉంచకూడదు అన్నది వాళ్లకు తెలిసింది. అందువల్ల ఆసుపత్రి తలుపులు తెరిచేనాటికి, ఎవరిని ఎప్పుడు బండెక్కించాలో చెప్పగల మనిషి పల్లెలో ముందే ఉంది. కళ్యాణదుర్గంలోనూ కణేకల్లులోనూ ట్రస్టు ఆసుపత్రులు తెరిచింది. హెచ్ఐవి సోకినవాళ్లను సొంతవాళ్లే గడప తొక్కనివ్వని రోజుల్లో వాళ్లకు బత్తలపల్లిలో మంచం దొరికింది. నర్సులను అక్కడే చదివించుకున్నారు. ఫెర్రర్ 2009లో కన్నుమూశారు. ఆయన సమాధి కూడా బత్తలపల్లిలోనే ఉంది. ఆసుపత్రి మాత్రం ఆగలేదు. 2020లో కరోనా వచ్చినప్పుడు కొవిడ్ రోగులకు ఆశ్రయమైంది కూడా ఇదే.

ప్రభుత్వ లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో 1,20,000 మందికి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. 30 పడకలుండాలి. శస్త్రచికిత్స, సాధారణ వైద్యం, కాన్పులు, పిల్లల వైద్యం చూసే నిపుణులుండాలి. కేంద్ర ప్రభుత్వం 2021-22కు ప్రకటించిన గ్రామీణ ఆరోగ్య గణాంకాల్లో దేశవ్యాప్తంగా ఈ నిపుణుల కొరత దాదాపు 80 శాతం. ఇన్నేళ్లుగా గోడలు కట్టి, శిలాఫలకం పెట్టి, మనుషుల కోసం ఎదురుచూస్తున్నాం.

సిజేరియన్‌కు ఆ రాత్రి కావలసినవి మూడే: కాన్పుల డాక్టరు, మత్తు డాక్టరు, రక్తం. ఒక్కటి లేకపోయినా మిగిలిన రెండూ ఉండి ప్రయోజనం లేదు. మత్తు నిపుణులు పల్లెలకు రావడం లేదన్న సాకు పాతది. ఎంబీబీఎస్ డాక్టర్లకే కొన్ని నెలలు శిక్షణ ఇచ్చి, ప్రాణాపాయంలో మత్తు ఇవ్వడం నేర్పే కార్యక్రమం జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కాలం నుంచే ఉంది. అలా నేర్చుకున్నవారిని కాన్పుల డాక్టరు ఉన్నచోటే వేయాలి, వేరుచేసి బదిలీ చేయకూడదు. నేర్చినవారిని జ్వరాల ఓపీలో కూర్చోబెడితే ఆ చదువు వృథా. ఆవరణలో పైకప్పు కారే క్వార్టర్లను బాగుచేయండి. పిల్లలతో ఉండలేని ఇంట్లో ఉండమని ఏ డాక్టరునూ అడిగే హక్కు మనకు లేదు. కొత్త భవనానికి పెట్టే డబ్బులో కొంత రక్తం నిల్వ చేసే కేంద్రానికి మళ్లించండి. ఆసుపత్రి అభివృద్ధి కమిటీల్లో ఆశా కార్యకర్తలను కూర్చోబెట్టండి. ఏ ఇంట్లో ఎవరికి నెలలు నిండాయో వాళ్ల దగ్గర పేరుపేరునా ఉంటుంది.

మరొక చిన్న పని, ఖర్చు లేనిది. ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రం గేటు దగ్గర ఒక నల్లబల్ల పెట్టించండి. ఈ రాత్రి కాన్పుల డాక్టరు ఉన్నారా, మత్తు డాక్టరు ఉన్నారా, రక్తం ఉందా అని సాయంత్రానికల్లా దాని మీద రాయించండి. లేకపోతే లేదనే రాయండి. మేము నేరుగా ఉన్నచోటికే వెళతాం, ఆ గంట మిగులుతుంది. రాసే మనిషి లేడంటే రోజూ సాయంత్రం నేనే వస్తాను. ముప్పై రెండేళ్లు నల్లబల్ల మీద రాసినదాన్ని.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
ఉమ్మడి అనంతపురం జిల్లా