వార్షిక నివేదిక: పోలీసు స్టేషను, లంచం, మన చేతికి రావలసిన కాగితం

గౌరవ సభ్యులకు కార్యవర్గం నమస్కారాలు.

సంక్రాంతి సంబరాలు, పిల్లలకు పుస్తకాల పంపిణీ ఎప్పటిలాగే జరిగాయి. వాటి జమాఖర్చులు కోశాధికారి పత్రంలో ఉన్నాయి. ఈ ఏడాది సంఘం ఎక్కువగా తలకెత్తుకున్నది మరో పని. ఒడిశాలోని పర్లాకిమిడిలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ పోలీసు స్టేషను గడప తొక్కడానికి జంకే మన తెలుగు కుటుంబాలకు అక్కడి పద్ధతి తెలియజెప్పాం. నివేదికలో ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాం.

దేశమంతటికీ ఒకే పోలీసు దళం వస్తే లంచాల బెడద వదులుతుందా అన్న ప్రశ్న మన సమావేశాల్లో బాగా నలిగింది. ఎక్కువమంది నమ్మలేదు. వారి అనుమానం సబబేనని కార్యవర్గం భావిస్తోంది. రాజ్యాంగం ఏడో షెడ్యూలు పోలీసును రాష్ట్రాల జాబితాలో ఉంచింది. సీబీఐ కూడా 1946 నాటి చట్టం ప్రకారం రాష్ట్రం ఒప్పుకుంటేనే ఆ రాష్ట్రంలో దర్యాప్తు చేయగలదు. కోర్టు ఆదేశిస్తే వేరే సంగతి. మన పక్కనున్న ఆంధ్రప్రదేశ్ ఆ సమ్మతిని 2018 నవంబరులో వెనక్కి తీసుకుని, ప్రభుత్వం మారాక 2019 జూన్‌లో మళ్లీ ఇచ్చింది. ముంబయి దాడి తర్వాత 2008లో పుట్టిన జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్ఐఏ) ఉగ్రవాదం వంటి కొన్ని నేరాలే చూస్తుంది. మన సైకిలు పోయినా, పొలం గట్టు దగ్గర కొట్లాట జరిగినా ఆ గుమ్మం మనది కాదు.

మెక్సికో సంగతి కూడా చర్చకు వచ్చింది. అవినీతిని కడిగేస్తామంటూ 2009లో అక్కడ ఫెడరల్ పోలీసు దళాన్ని ఏర్పాటు చేశారు. ఆ దళాన్ని నడిపిన భద్రతా మంత్రి హెనారో గార్సియా లూనా మాదకద్రవ్యాల ముఠా దగ్గర లంచాలు తిన్నారని 2023లో అమెరికా కోర్టు తేల్చింది. మరుసటి ఏడాది 38 ఏళ్లకు పైగా శిక్ష పడింది. అంతకుముందే, 2019లో ఆ దళాన్ని రద్దు చేసి నేషనల్ గార్డ్‌ను తెచ్చారు. బోర్డు మార్చినంత మాత్రాన చేయి చాపే అలవాటు పోదు. ఫిర్యాదు ఇచ్చినవాడి చేతిలో కాగితం ఉంటే మాత్రం ఆ చేయి కొంత వెనక్కి వెళుతుంది. అందుకే ఏడాదంతా కాగితం మీదే పని చేశాం.

మనవాళ్లకు మొదటి చిక్కు భాష. ఫిర్యాదు నోటితో చెబితే స్టేషనులో ఒడియాలో రాసి సంతకం పెట్టమంటారు. ఒడియా మాట్లాడేవాళ్లు మనలో చాలామందే ఉన్నా, చదవగలిగేవాళ్లు తక్కువ. చెప్పింది ‘కొట్టాడు’ అని, రాసింది ‘తోసుకున్నారు’ అని ఉంటే కేసు అక్కడే బలహీనపడుతుంది. నోటిమాటగా చెప్పినదాన్ని రాసి, చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. పోలీసులు కేసు ఎలా నడపాలో చెప్పే చట్టం ఇదే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. కాబట్టి ఒడియా చదవగలిగిన మనిషిని వెంట తీసుకెళ్లండి. అంతకంటే మంచిది, ఫిర్యాదు ఇంటి దగ్గరే ఒడియాలో రాయించుకుని రెండు ప్రతులు పట్టుకెళ్లడం. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర, సంతకం వేయించుకోండి. ఎఫ్ఐఆర్ (కేసు నమోదు చేసిన కాగితం) ప్రతి ఫిర్యాదుదారుకు ఉచితంగా, వెంటనే ఇవ్వాలి. ‘జిరాక్సు ఖర్చులు’, ‘టీ ఖర్చులు’ అని అడిగేదానికి ఏ చట్టంలోనూ చోటు లేదు.

ఎఫ్ఐఆర్ కట్టకుండా స్టేషను డైరీలో మాత్రమే ఎక్కించి పంపేయడం రెండో చిక్కు. పోయిన సర్టిఫికెట్టుకు, పోయిన సిమ్ముకు డైరీ నమోదు సరిపోతుంది. దొంగతనానికి సరిపోదు. వారంటు లేకుండా అరెస్టు చేయగలిగే నేరమని ఫిర్యాదులోనే తెలుస్తుంటే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013లో లలితా కుమారి కేసులో తేల్చింది. కొత్త చట్టంలో ఒక సందు ఉంది. మూడేళ్లకు తక్కువ కాకుండా, ఏడేళ్లలోపు శిక్షపడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేయవచ్చు. ‘విచారిస్తున్నాం, వెళ్లండి’ అంటే ఆ 14 రోజులు ఏ తేదీ నుంచో అడిగి రాసుకోండి. అప్పటికీ కదలకపోతే ఫిర్యాదును స్పీడు పోస్టులో జిల్లా ఎస్పీకి పంపి రసీదు దాచండి. అదీ పనిచేయకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లాలి. ఆ రసీదు లేకుండా వెళ్తే ముందు ఎస్పీని అడగలేదేమని కోర్టు తిప్పి పంపుతుంది. మనవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే.

సరిహద్దు మనుషులకు జీరో ఎఫ్ఐఆర్ చాలా అవసరం. పాతపట్నంలో బండి పోతే పర్లాకిమిడి స్టేషనులోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. ‘అది ఆంధ్రా, మాకు సంబంధం లేదు’ అనడానికి వీల్లేదు. ఇక్కడ సున్నా నంబరుతో నమోదు చేసి అక్కడికి పంపాలి. అయితే పంపారు కదా అని ఊరుకోకండి. అక్కడ అసలు నంబరు పడిందో లేదో కనుక్కోండి. బీమా కంపెనీ ఆ నంబరునే అడుగుతుంది, తర్వాత బండి ఆచూకీ దొరకలేదన్న తుది నివేదికనూ అడుగుతుంది. బండి రెండు తాళంచెవులూ భద్రంగా ఉంచండి. ఫోన్లోనో ఆన్‌లైన్‌లోనో ఫిర్యాదు పంపినవారు మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. పెట్టకపోతే అది ఎఫ్ఐఆర్‌గా ఎక్కదు. కేసు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు తెలపడం కూడా దర్యాప్తు అధికారి బాధ్యతే.

పాస్‌పోర్టు విచారణకు వచ్చిన పోలీసుకు దరఖాస్తుదారు కట్టాల్సింది ఒక్క రూపాయి కూడా లేదు. ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

ఇక లంచం అడిగితే. లంచాల కేసులు చూసే ఒడిశా విజిలెన్సు విభాగం పోలీసు శాఖ కింద కాక, సాధారణ పరిపాలన శాఖ కింద ఉంటుంది. టోల్‌ఫ్రీ నంబరు 1064. డబ్బు ఇవ్వకముందే వెళ్లడం మేలు. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇవ్వడమూ నేరమే. బలవంతం మీద ఇచ్చినవారు ఏడు రోజుల్లో అధికారులకు తెలిపితేనే రక్షణ. ఏ పని పెండింగులో ఉంది, ఎవరు, ఎప్పుడు, ఎంత అడిగారో రాసి, దరఖాస్తు రసీదు జత చేయండి. ఫోన్లో మాట రికార్డు అయి ఉంటే కత్తిరించకండి, ఆ ఫోను అమ్మకండి. కోర్టులో దానికి సర్టిఫికెట్టు కావాలి.

లంచగొండిని పట్టుకోవడానికి విజిలెన్సువాళ్లు వల పన్నే రోజున నోట్ల నంబర్లు రాసుకుని వాటికి ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. పుచ్చుకున్నవాడి వేళ్లు సోడియం కార్బొనేటు నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఈ రంగు చూసి కేసు గెలిచినట్టే అనుకుంటారు, అది పొరపాటు. డబ్బు అడిగినట్టు రుజువు కాకపోతే రంగు ఒక్కటే నిలబడదు. అధికారి అడగకముందే నోట్లు చేతిలో కుక్కితే కేసు పోతుంది. ‘నా పని ఏమైంది సార్’ అనే అడగాలి. ఆయన నోటితో అడిగాకే, విజిలెన్సువాళ్లు మీ వెంట పంపే తోడు సాక్షికి వినిపించేలా మాట జరిగాకే ఇవ్వాలి. అంతకుముందు కరచాలనం చేయకూడదు, పొడి అంటుకుంటుంది. ఫిర్యాదుదారు తర్వాత మాట మార్చినా, చనిపోయినా మిగతా ఆధారాలతో నేరం రుజువు చేయవచ్చని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అందువల్ల ఫిర్యాదుదారును బెదిరించి వెనక్కి తీసుకోమన్నంత మాత్రాన కేసు చచ్చిపోదు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం తీర్మానం ఇది: ఆదివారం ఉదయం సంఘం గదిలో ఫిర్యాదులు ఒడియాలో రాసిపెట్టే బల్ల ఉంటుంది. రాసినదాన్ని తెలుగులో చదివి వినిపించాకే ఇంటికి పంపుతాం. దీనికి రుసుము లేదు, ఎవరి తరఫునా స్టేషనులో బేరం ఆడేది లేదు. ఒడియా చక్కగా రాయగల సభ్యులు, ముఖ్యంగా మహిళలు, సర్వసభ్య సమావేశం ముగిసేలోగా కార్యదర్శికి పేర్లు ఇవ్వాలి.