మా ఆయన ఇంటికి వచ్చేశారు, అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు

విదేశంలో డ్యూటీ ముగించుకుని మా ఆయన క్షేమంగా వచ్చేశారు. ఫోన్లో కొంతమందికి విడివిడిగా చెప్పాను గానీ, ఈ కొన్ని నెలల్లో మాకు జరిగిన సాయం గుట్టుగా చెప్పుకుని ఊరుకునేంత చిన్నది కాదు. అందుకే నలుగురిలో చెబుతున్నాను.

తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. మేముండేది అమెరికాలోని యూటాలో, హిల్ వైమానిక స్థావరానికి దగ్గర్లో. మా ఆయన ఎఫ్-35ఏ స్టెల్త్ ఫైటర్ల దగ్గర, అంటే రాడార్‌కి సులువుగా చిక్కని యుద్ధ విమానాల దగ్గర, క్రూ చీఫ్. విమానం నడిపే మనిషి కాదు, విమానాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి. ఎగిరే ముందు చుట్టూ తిరిగి చూసేదీ, పైలట్‌ని సీట్లో కూర్చోబెట్టి బెల్టులు సరిచూసేదీ, దిగాక టైర్ల దగ్గర్నుంచి పైపూత దాకా తడిమి చూసేదీ ఆయనే. ఈసారి ఏ స్క్వాడ్రన్, ఏ దేశం, ఏ తేదీలు అన్నది ఇక్కడ రాయను. ఇలాంటివి బయట పెట్టకూడదని మాలాంటి కుటుంబాలకు మొదట్లోనే గట్టిగా చెబుతారు. అది మంచిదే.

ఈ ఊళ్లో ఇలా వెళ్లడం కొత్తేమీ కాదు. అమెరికా వైమానిక దళం ఎఫ్-35ఏలు మొట్టమొదటిసారి యుద్ధ విధుల మీద వెళ్లింది ఇక్కణ్ణుంచే. 2019 ఏప్రిల్‌లో యూఏఈలోని అల్ దఫ్రాకి వెళ్లాయి, అదే నెల 30న ఇరాక్‌లో తొలి దాడి చేశాయి. 2022 ఫిబ్రవరిలో, ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలవబోయే ముందు, ఇక్కడి విమానాలే జర్మనీలోని స్పాంగ్‌డాలెమ్‌కి వెళ్లాయి. టీవీలో చూపించేది విమానాలు లేవడమే. ఒక్కో విమానం వెనక ఎంతమంది వెళ్తారో, వాళ్ల వెనక ఎన్ని ఇళ్లల్లో ఒక్క మనిషే అన్నీ చూసుకోవాల్సి వస్తుందో ఎక్కడా కనిపించదు. నాకు ఇద్దరు పిల్లలు. పెద్దది ఒకటో తరగతి, చిన్నది ఇంకా నడక నేర్చుకుంటోంది.

మొదటి దండం మా పక్కింటి పెద్దాయనకి. ఎముకలు కొరికే చలిలో ఒక రాత్రి మా ఇంట్లో హీటర్ ఆగిపోయింది. మంట అంటుకోవడం, రెండు మూడు సెకన్లకే ఆరిపోవడం. రిపేర్ కంపెనీకి ఫోన్ చేస్తే రేపు, ఎల్లుండి అంటూ దాటేశారు. పిల్లలిద్దరికీ రెండేసి స్వెట్టర్లు తొడిగి కూర్చున్నాను, టెన్షన్‌తో నిద్ర లేదు. తెల్లారగానే మంచు తొలగించడానికి బయటికొచ్చిన ఆయన నా మొహం చూసి విషయం అడిగారు. పార అక్కడే వదిలేసి లోపలికొచ్చారు. బేస్‌మెంట్‌లో నేల మీద బోర్లా పడుకుని, టార్చి పంటితో పట్టుకుని, ఒక్క స్క్రూ విప్పి పెన్సిల్ అంత సన్నటి కడ్డీ ఒకటి బయటికి తీశారు. మంట ఉందో లేదో కనిపెట్టే సెన్సర్ అట అది. దాని మీద మసి పట్టి మంట ఉన్నా లేనట్టే లెక్కేసుకుని గ్యాస్ ఆపేస్తోందట. గరుకు కాగితంతో నాలుగుసార్లు రుద్ది మళ్లీ బిగించారు. మంట నిలబడింది. డబ్బులు ఇవ్వబోతే, తాను ముప్పై ఏళ్ల కిందట ఎఫ్-16ల దగ్గర మెకానిక్‌నని, తను దేశం కాని దేశంలో ఉన్నప్పుడు తన భార్యకి కూడా ఎవరో ఒకరు ఇలాగే చేశారని చెప్పి వెళ్లిపోయారు. ఆ చలికాలమంతా మా వాకిట్లో మంచు నేను ఒక్కసారి కూడా ఎత్తలేదు. లేచి చూసేసరికే దారి శుభ్రంగా ఉండేది.

సాల్ట్ లేక్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు ఏమని చెప్పను! చిన్నదానికి జ్వరం వచ్చినప్పుడు అర్ధరాత్రి కారేసుకుని వచ్చి పెద్దదాని పక్కన పడుకున్న అక్కకి, సంక్రాంతికి మమ్మల్ని ఒంటరిగా ఉండనివ్వకుండా లాక్కెళ్లినవాళ్లకి, స్కూలు దగ్గర పాపని వంతులవారీగా తెచ్చిన తమ్ముళ్లకి నేను రుణపడి ఉంటాను. ఎవరూ "ఏమైనా కావాలంటే చెప్పండి" అని ఊరుకోలేదు. చెప్పకముందే వచ్చారు.

అన్నిటికంటే పెద్ద కష్టం మాత్రం ఇంటి దగ్గర్నుంచి వచ్చింది. రాజమండ్రిలో మా మామయ్యగారికి గుండెపోటు. అత్తయ్యగారు ఫోన్లో ఏడుస్తున్నారు, మా ఆయనేమో ఎక్కడో ఎడారిలో డ్యూటీలో ఉన్నారు. నాకు ఏం చేయాలో తోచలేదు. అప్పుడు స్క్వాడ్రన్ కుటుంబాల మంచిచెడ్డలు చూసే వాలంటీర్ ఒకావిడ, తనూ మాలాగే భర్తని పంపి ఉన్నావిడ, నాతోపాటు కూర్చుని రెడ్ క్రాస్‌కి ఫోన్ చేయించారు. సైన్యంలో ఉన్నవాళ్ల ఇళ్లల్లో ఇలాంటిది జరిగితే అమెరికన్ రెడ్ క్రాస్ వాళ్లు ఆసుపత్రితో మాట్లాడి, నిజమేనని నిర్ధారించుకుని, ఆ కబురు నేరుగా అతని కమాండర్‌కి అందిస్తారు. సెలవు ఇవ్వాలా వద్దా అన్నది కమాండర్ ఇష్టం, రెడ్ క్రాస్ చేతిలో ఉండదు. కానీ ఆ కబురు అధికారికంగా అందితే నిర్ణయం త్వరగా జరుగుతుంది. మామయ్యగారి పుట్టినతేదీ, ఆసుపత్రి నంబరు, డాక్టరు పేరు, మా ఆయన యూనిట్ వివరాలు అన్నీ ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోమని ఆవిడ చెప్పకపోతే నేను ఆ గాభరాలో సగం మర్చిపోయేదాన్ని. మిలిటరీలో పిల్లలున్న తెలుగు అమ్మానాన్నలు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ కాగితం ఇవాళే రాసి పెట్టుకోండి.

మా ఆయన వెళ్లగలిగారు. ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్లే ముందు మామయ్యగారు కొడుకు మొహం చూశారు. ఇప్పుడు ఆయన పొద్దున్నే గోదావరి గట్టు మీద నడుస్తున్నారు.

ఆ సెలవు దొరకడం వెనక ఇంకొకరున్నారు. మా ఆయన విమానాన్ని తన విమానంతోపాటు అదనంగా నెత్తిన వేసుకున్న కుర్రాడు. ఫైటర్ మీద పైలట్ పేరుతోపాటు క్రూ చీఫ్ పేరు కూడా రాసే అలవాటుంది. ఆ విమానం మీద ఈ అబ్బాయి పేరు లేదు. అయినా ఎండలో లోహం ముట్టుకుంటే చెయ్యి కాలే చోట రెండు విమానాలకి జవాబుదారీగా నిలబడ్డాడు. స్టెల్త్ విమానాల పని మామూలు విమానాల పని కన్నా ఓపిక ఎక్కువ అడుగుతుంది. రాడార్‌కి చిక్కకుండా చేసే పైపూతలో ఎక్కడైనా గీత పడినా, పలకల మధ్య సందు సరిగా మూసుకోకపోయినా పట్టించుకోవాల్సిందే. మా ఆయన తిరిగి వెళ్లేసరికి ఒక్క పని కూడా మిగల్చకుండా రాసిపెట్టి ఉంచాడట. నాయనా, నువ్వు తెలుగు చదవలేవు, మా ఆయన చదివి వినిపిస్తారు. మా ఇంట్లో నువ్వు మూడో బిడ్డవి.

ఇక తిరుగు ప్రయాణం. ఎఫ్-35ఏ లోపల పట్టేది సుమారు 8 టన్నుల ఇంధనం. దాంతో అట్లాంటిక్ దాటడం కుదరదు. అందుకే ట్యాంకర్ విమానాలు వెంట ఉండి గాల్లోనే పలుమార్లు ఇంధనం నింపుతాయి. కేసీ-135 ట్యాంకర్‌లో ఇంధనం పంపే గొట్టం నడిపే మనిషి విమానం తోక దగ్గర బోర్లా పడుకుని, కిటికీలోంచి కిందికి చూస్తూ, వెనక వస్తున్న ఫైటర్‌కి గొట్టం తగిలిస్తాడు. ఫైటర్‌లో పైలట్ ఒక్కడే, గంటల తరబడి అదే సీట్లో. ఇంకో సంగతి కూడా మా ఆయనే చెప్పారు. మామూలు ప్రయాణాల్లో ఈ విమానాలకి రాడార్‌లో కనిపించేలా చిన్న చిన్న పరికరాలు బిగిస్తారట, దారిలో అందరికీ ఆనవాలు తెలియాలని.

ఆ ట్యాంకర్లు వెంట ఉండటం ఎంత అవసరమో ఒక పాత సంగతి చెబుతుంది. 2007 ఫిబ్రవరిలో హవాయి నుంచి జపాన్‌లోని కడేనాకి వెళ్తున్న ఎఫ్-22 ఫైటర్లు అంతర్జాతీయ దినరేఖ దాటుతుండగా కంప్యూటర్లు ఒక్కసారిగా దెబ్బతిన్నాయి. దారి చూపే వ్యవస్థ పోయింది. పక్కనున్న ట్యాంకర్లని పట్టుకునే అవి మళ్లీ హవాయి చేరాయి. సాఫ్ట్‌వేర్ సరిచేశాక కొద్దిరోజుల్లోనే కడేనా వెళ్లాయి. దారి మధ్యలో దిగాల్సి వస్తే అక్కడివాళ్లే దిక్కు. 2025 జూన్ 14న బ్రిటన్ వాళ్ల ఎఫ్-35బీ (ఎఫ్-35లోనే ఇంకో రకం) ఒకటి ఇంధనం తగ్గి మన తిరువనంతపురంలో దిగడం మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. తర్వాత హైడ్రాలిక్ లోపం బయటపడి జూలై 22 దాకా కదల్లేదు. అప్పుడు అందరూ మీమ్స్ పంచుకుంటుంటే నాకు వానలో దాని పక్కన కాపలా కాసిన సీఐఎస్ఎఫ్ జవాన్ల మీదికీ, బ్రిటన్ నుంచి వచ్చి హ్యాంగర్‌లో రిపేర్ చేసిన మెకానిక్‌ల మీదికీ మనసు పోయింది. వాళ్ల ఇళ్లల్లోనూ ఎవరో ఎదురుచూస్తూనే ఉంటారు కదా. ఊరూ పేరూ తెలియని ట్యాంకర్ సిబ్బందికి, దారిలో దిగినచోట అన్నం పెట్టి పడక చూపించినవాళ్లకి కూడా నా నమస్కారాలు.

మావాళ్లు విమానాలతో రారు. ఫైటర్లు వచ్చాక కూడా సామాన్లు సర్ది, లెక్కలు అప్పజెప్పి వేరే పెద్ద విమానంలో వస్తారు. ఆ గంట ఈ గంట అంటూ వాయిదాలు పడ్డాక, హ్యాంగర్ తలుపు దగ్గర బూడిదరంగు బ్యాగులతో వరసగా వచ్చినవాళ్లలో ఆయన్ని పెద్దదే ముందు గుర్తుపట్టింది. చిన్నది మాత్రం నా భుజం వదల్లేదు. ఇప్పుడిప్పుడే దగ్గరవుతోంది, నిన్న ఆయన చేతి మీదే నిద్రపోయింది.

మరో జట్టు బయల్దేరే సమయం వస్తుంది. యూటాలో మా చుట్టుపక్కల ఎవరింట్లోనైనా మనిషి వెళ్తుంటే మొహమాటపడకండి. స్కూలు నుంచి పిల్లల్ని తేవడం, రాత్రిపూట ఆసుపత్రికి తోడు రావడం, రెడ్ క్రాస్‌కి ఫోన్ చేసేటప్పుడు పక్కన కూర్చోవడం నేను చూసుకుంటాను. హీటర్ సెన్సర్ శుభ్రం చేయడం పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను, దానికీ వస్తాను.