స్కోరు కన్నా ముందు పొసెషన్లు లెక్కపెట్టు

చిరంజీవి హారికకు,

నాన్న ఆశీస్సులు. మీ కాలేజీ మగపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుకు స్టూడెంట్ మేనేజర్‌గా తీసుకున్నారని, గణాంకాల షీటు నీ చేతికే ఇచ్చారని తెలిసి అమ్మా నేనూ చాలా సంతోషించాం. ముందుగా ఒక్క జాగ్రత్త: అమెరికా విద్యార్థి వీసా ఎఫ్-1 మీద క్యాంపస్ ఉద్యోగం క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలే. రెండు మ్యాచ్‌లు, మధ్యలో ఒక ప్రయాణం పడ్డ వారంలో ఆ హద్దు తెలియకుండానే దాటిపోతుంది. ఏ రోజు గంటలు ఆ రోజే రాసుకో.

ఇక నీ ప్రశ్న. మీవాళ్ళు మ్యాచ్‌కి 60 పాయింట్లు దాటడం లేదు కాబట్టి బాస్కెట్లు వేయడం చేతకాదనేనా అని అడిగావు. అలా తేల్చేయకు. కాలేజీ ఆటకు 20 నిమిషాల హాఫ్‌లు రెండు, షాట్ క్లాక్, అంటే బంతి దొరికాక షాట్ వేయడానికి గడువు, 30 సెకన్లు. ఆ 30లో పాతిక సెకన్లు పాస్‌లకే వాడే జట్టుకూ, బంతి దొరకగానే పరుగెత్తే జట్టుకూ దొరికే అవకాశాలే వేరు. అందుకని మొదట పొసెషన్లు లెక్కపెట్టు. బంతి మన చేతికొచ్చినప్పటి నుంచి అవతలివాళ్ళకి పోయేదాకా ఒక పొసెషన్. పడినా పడకపోయినా వేసిన షాట్లన్నిటిలోంచి అటాకింగ్ రీబౌండ్లు (మన షాట్ మిస్సయ్యాక మనమే పట్టుకున్న బంతులు) తీసెయ్, టర్నోవర్లు (షాట్ లేకుండానే పోగొట్టుకున్న బంతులు) కలుపు, ఫౌల్‌కి దొరికే ఫ్రీ త్రోలను 0.475తో గుణించి అదీ కలుపు. ఉదాహరణకు 54 షాట్లు, 9 అటాకింగ్ రీబౌండ్లు, 11 టర్నోవర్లు, 16 ఫ్రీ త్రోలు అనుకో: 54 - 9 + 11 + 7.6, అంటే 63.6. ఆ రోజు 70 పాయింట్లు చేసి ఉంటే పొసెషన్‌కి 1.10. ఇది బాగా ఆడినట్టే. 1.00 దగ్గర ఆగితే మామూలు, 0.90కి పడితే ఎక్కడో తేడా కొట్టింది.

కొత్తవాళ్ళు పొరపాటు చేసేది రీబౌండ్ల దగ్గరే. మనవాడు షాట్ మిస్ చేసి, మనవాడే మళ్ళీ పట్టుకుంటే అది కొత్త పొసెషన్ కాదు, పాతదే సాగుతోంది. ఏటా మార్చిలో మొదలయ్యే జాతీయ కాలేజీ టోర్నమెంటులో, 2019లో వర్జీనియా, పర్డ్యూ యూనివర్సిటీల జట్ల మ్యాచ్ చివరి 5.9 సెకన్లు వీడియోలో చూడు. పర్డ్యూ ముందంజలో ఉంది. వర్జీనియా ఆటగాడు టై జెరోమ్ మొదటి ఫ్రీ త్రో వేశాడు, 70-68. రెండోది రింగుకి తగిలి బయటికొచ్చింది. అతని జట్టువాడే మమాది డియాకిటే చేయెత్తి తడితే బంతి సగం కోర్టు దాటి వెనక్కి పోయింది. వర్జీనియాకే చెందిన కిహై క్లార్క్ దాని వెనకే పరుగెత్తి పట్టుకుని, డ్రిబుల్‌తో టైం పోగొట్టకుండా నేరుగా డియాకిటేకే విసిరాడు. హారన్ మోగేలోపు షాట్ చేతిలోంచి వదిలింది, 70-70. ఎంత దూరం తిరిగొచ్చినా బంతి అవతలివాళ్ళ చేతికి పోలేదు, కాబట్టి లెక్కలో అదంతా ఒకే పొసెషన్. ఆ 0.475 ఎందుకంటే, ఫ్రీ త్రోలు రెండేసి, మూడేసి వస్తాయి, బాస్కెట్ పడ్డాక అదనంగా ఒకటీ వస్తుంది, కాబట్టి ఒక్కోదాన్నీ ఒక్కో పొసెషన్ అనలేం. అదే ఏడు సెమీఫైనల్లో ఆబర్న్ మీద 0.6 సెకను మిగిలి ఉండగా వర్జీనియా ఆటగాడు కైల్ గై వేసిన మూడు ఫ్రీ త్రోలూ కలిపి ఒక్క పొసెషన్‌లోవే. ఆ మ్యాచ్ వర్జీనియా 63-62తో గెలిచింది.

ఆ వర్జీనియా జట్టునే నువ్వు పాఠంలా చదవాలి, ఎందుకంటే మీవాళ్ళలాగే నిదానం. అప్పటి కోచ్ టోనీ బెనెట్ ఆడించింది వాళ్ళ నాన్న డిక్ బెనెట్ తీర్చిదిద్దిన ప్యాక్ లైన్ డిఫెన్స్. రింగు నుంచి 16 అడుగుల దగ్గర ఒక గీత ఊహించుకో. బంతి ఉన్నవాడి మీద ఒకడు బయటికెళ్ళి ఒత్తిడి పెడతాడు, మిగతా నలుగురూ ఆ గీత లోపలే ఉండి డ్రైవ్‌కి, అంటే బంతితో రింగు మీదకి దూసుకొచ్చేందుకు, దారి మూసేస్తారు. బంతి అవతలి వైపుకి మారితే, అక్కడి మనిషి చేతులెత్తి షూటర్ మీదకి పరుగెత్తాలి. అతను ఒక్క అడుగు ఆలస్యమైనా ఖాళీ త్రీ, అంటే అడ్డులేని మూడు పాయింట్ల షాట్, దొరికిపోతుంది. ఈ డిఫెన్స్ బలహీనత అదే, దాచేది కాదు.

2018 మార్చిలో ఆ బలహీనత బయటపడింది. అప్పటికి వర్జీనియాకి 31 గెలుపులు, 2 ఓటములు, జాతీయ టోర్నమెంటులో మొత్తం మీద మొదటి సీడ్ (బలాన్ని బట్టి ఇచ్చే స్థానం). అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, సరిగ్గా ముందు వారంలో వాళ్ళ ఆటగాడు డియాండ్రే హంటర్ మణికట్టు విరిగింది. 16వ సీడ్ యూఎంబీసీ (మేరీలాండ్ యూనివర్సిటీ, బాల్టిమోర్ కౌంటీ) జట్టుతో హాఫ్‌టైంకి 21-21. చివరికి 74-54తో ఓడిపోయారు. అంతకు ముందు 135 సార్లు 16వ సీడ్ మీద మొదటి సీడే గెలిచింది. యూఎంబీసీ 24 త్రీలలో 12 వేసింది, వర్జీనియా 22లో 4. నిదానంగా ఆడే జట్టుకి అసలు ప్రమాదం ఇక్కడుంది: పొసెషన్లు తక్కువైతే చెడ్డ రోజు సర్దుకోవడానికి చోటుండదు. వెనకబడ్డాక గీత దాటి బయటికి రావాల్సి వస్తుంది, దాంతో డ్రైవ్‌కీ దారి తెరుచుకుంటుంది.

మరుసటి ఏడు బెనెట్ డిఫెన్స్ మార్చలేదు. నాకు నచ్చింది అదే. మార్పంతా అటాక్‌లో. ఇద్దరు స్క్రీన్లు పెడుతుంటే, అంటే అవతలి డిఫెండర్‌కి అడ్డంగా నిలబడుతుంటే, ముగ్గురు వాటి చుట్టూ తిరిగే పాత పద్ధతికి తోడు, ఒక వైపు బంతి ఉన్నవాడి కోసం పెట్టే బాల్ స్క్రీన్ అయ్యాక వెంటనే రెండో వైపు ఇంకొకటి వచ్చే పద్ధతిని ఎక్కువగా వాడాడు. జెరోమ్ చేతికి బంతి, గై బయట, కోలుకున్న హంటర్ ఇద్దరికీ మధ్య. మ్యాచ్‌కి 56.1 పాయింట్లే ఇచ్చి, ఫైనల్‌తో కలిపి 35-3తో టైటిల్ గెలిచారు. మినియాపొలిస్‌లో టెక్సస్ టెక్ మీద ఓవర్‌టైంలో 85-77, హంటర్ 27 పాయింట్లు.

ఆ మూడు ఓటముల్లో రెండు డ్యూక్ చేతిలోనే. జనవరిలో డ్యూక్ 14 త్రీలలో 2 మాత్రమే వేసి కూడా 72-70తో గెలిచింది, అది డ్రైవ్‌లతో గెలిచిన మ్యాచ్. ఫిబ్రవరిలో 21లో 13 వేసి 81-71. అదే జట్టు, అదే డిఫెన్స్, మూడు వారాల తేడా. అందుకే అవతలివాళ్ళ త్రీ శాతం చూసి మీ డిఫెన్స్‌కి మార్కులు వేయకు. ఎన్ని త్రీలు వేయనిచ్చారు, అందులో ఎన్నింటికి మనవాడి చెయ్యి షూటర్ ముఖానికి ఎదురుగా ఉంది, అది రాయి. వీడియో ఆపి, బంతి షూటర్ చేతిలోకి వచ్చిన క్షణంలో మనవాడు ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాడో చూడు. నాలుగడుగులు దాటితే 'ఖాళీ'. ఈ కొలత నేను పెట్టుకున్నది. మీ కోచ్ వేరేది చెబితే అదే వాడు, కానీ సీజన్ మధ్యలో మార్చకు. బంతి పోయిన చోట ఎవరు పోగొట్టారన్నదే కాక ఎలా పోయిందో కూడా రాయి: పాస్ తప్పా, ట్రావెలా (డ్రిబుల్ లేకుండా అడుగులేయడమా), షాట్ క్లాక్ అయిపోయిందా. నిదానంగా ఆడే జట్టుకి మూడోది పెరుగుతోందంటే, పాస్‌లు తిరుగుతున్నాయి గానీ లోపలికి వెళ్ళడం లేదని అర్థం.

ఫౌల్స్ మీద కూడా కన్నుండాలి. హాఫ్‌లో ఒక జట్టు ఏడో టీమ్ ఫౌల్ నుంచి అవతలివాళ్ళకి ఒక ఫ్రీ త్రో, అది పడితేనే రెండోది, పదో దాని నుంచి నేరుగా రెండు. మనం ఆరు దగ్గర ఉన్నప్పుడు కోచ్‌కి చెప్పాల్సింది నువ్వే అయ్యుండొచ్చు, ముందే అడిగి పెట్టుకో.

గెలుపోటముల పట్టిక ఒక్కటే చూసి మార్చి టోర్నమెంటు మీద ఆశ పెట్టుకోవద్దు. దానికి జట్లను ఎంచే సెలక్షన్ కమిటీ నెట్ అనే ర్యాంకింగ్ దగ్గర పెట్టుకుని, ఏ జట్టుని ఎక్కడ ఓడించారో చూస్తుంది. సొంత కోర్టులో మొదటి 30 ర్యాంకుల జట్టు మీద గెలుపూ, బయట మొదటి 75 లోపు జట్టు మీద గెలుపూ ఒకే గడిలో పడతాయి. బయటి కోర్టు అంత కష్టం అన్నమాట.

ఇంకొకటి, కాస్త కఠినంగానే చెబుతున్నా. కాలేజీ ఆటల మీద జట్టుతో పనిచేసేవాళ్ళు పందెం కాయకూడదు, ఎవరికి చీలమండ బెణికిందో బయట చెప్పకూడదు. సంక్రాంతి కోడిపందేల్లా సరదాకి అనుకునే స్నేహితులు వాట్సాప్‌లో అడుగుతారు. "నాకు తెలియదు" అనేసెయ్.

వర్జీనియా పాత వీడియోలు చూసేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకో. అప్పుడు త్రీ గీత 20 అడుగుల 9 అంగుళాలు, 2019-20 నుంచి 22 అడుగుల ఒకటిముప్పావు అంగుళాలు. గీత జరిగింది గానీ ప్యాక్ లైన్ 16 అడుగుల దగ్గరే ఉంటే, షూటర్ మీదకి మీవాళ్ళు పరుగెత్తాల్సిన దూరం అడుగు పైనే పెరిగింది. షీటులో ఆ 'ఖాళీ' గడులు ఎక్కువైతే ముందు అక్కడే వెతుకు. వచ్చే రెండు మ్యాచ్‌ల షీట్లు పంపు, లెక్క సరిచూస్తాను.

మీ నాన్న