వార్షిక నివేదిక: ఈ ఏడాది గుంపుగా సైకిల్ తొక్కే సాధన

సభ్యులందరికీ నమస్కారం.

ఈసారి రేసులు తగ్గాయని కొందరు సభ్యులు నిష్ఠూరమాడారు. నిజమే, కావాలనే తగ్గించాం. కిందటేడు కొత్తవాళ్లు పడ్డ సంగతులు తిరగేస్తే, వేగం వల్ల పడినవాళ్లు తక్కువ. ముందు సైకిల్ వెనక చక్రం పక్కకు మన ముందు చక్రాన్ని పోనివ్వడం, ఆ మనిషి కాస్త జరగడం, రెండూ రాసుకోవడం. అలా రాసుకుంటే పడేది దాదాపు ఎప్పుడూ వెనకవాళ్లే.

అందుకే సాధన గడ్డిలో మొదలుపెట్టాం. నడక వేగంతో ఇద్దరు పక్కపక్కన, భుజాలు ఆనించి, మోచేతులు వదులుగా. తర్వాత ముందు చక్రాన్ని ముందు సైకిల్ వెనక చక్రానికి కావాలనే తాకించాలి. కంగారుపడి హ్యాండిల్ అవతలికి లాగేసినవాళ్లు పడ్డారు. తగిలిన వైపే కాస్త ఒరిగి, తొక్కడం ఆపకుండా మెల్లగా విడిపించుకున్నవాళ్లు నిలిచారు. ఒక సభ్యురాలు మొదటి ఆదివారమే నాలుగుసార్లు పడి, మోకాళ్లకు పసరు పూసుకుని నవ్వుతూ ఇంటికెళ్లారు. మూడో వారానికి ఆవిడే పక్కవాళ్లను నెడుతున్నారు!

మలుపులకు ముగ్గుపిండితో గీతలు గీశాం. బయటి పెడల్ కిందకి, చూపు మలుపు చివరికి, బ్రేకు మలుపుకు ముందే. పంద్రాగస్టుకి బడిలో ఆడిన స్లో సైకిల్ పందెం కూడా పెట్టాం. అందులో పెద్దవాళ్లే గెలిచారు.

చదును రోడ్డు మీద 30 కి.మీ. వేగం దాటాక బలంలో ఎక్కువ భాగం గాలికే పోతుంది. కాబట్టి ముందువాళ్ల చాటున ఉండక తప్పదు. అది హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, 2023లో మొదలైన 23 కి.మీ. సోలార్ ట్రాక్ మీద నేర్పాం, ఒకే వరుసలో, నిదానంగా. నీడ బాగుంది గానీ పిల్లలూ వస్తారు, అక్కడ రేసు వేగం మాత్రం వద్దు. దిగుడులో ఫ్రేము గొట్టం మీద కూర్చుని జారే విద్యను అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ తన పోటీల్లో 2021లోనే నిషేధించింది. మన కుర్రాళ్లు గమనించగలరు.

వానాకాలంలో మైదానం ఇస్తామన్నవారు ఆఖరి నిమిషంలో తాళం వేశారు, దాంతో కొన్ని వారాలు పోయాయి. ఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. అందులో బ్యాండేజీల పద్దు ముగ్గుపిండి కంటే పెద్దది.

వచ్చే ఏడాది బాటిల్ అందించుకోవడం, గీత తప్పకుండా వెనక్కి చూడటం నేర్పుతాం. వచ్చేటప్పుడు హ్యాండిల్ చివరల మూతలు ఉన్నాయో లేదో చూసుకోండి. మూత లేని సైకిల్‌ని గడ్డిలోకి రానివ్వం.

– కార్యదర్శి